ఎర్ర గోడ, ఒక దీపం: మల్టీ-రెజల్యూషన్ లైటింగ్ కేస్ స్టడీ

మల్టీ-రెజల్యూషన్ లైటింగ్ అంటే తెరలో కొన్ని చోట్ల పెద్ద గడులకి, కొన్ని చోట్ల చిన్న గడులకి వెలుతురు లెక్కగట్టే పద్ధతి. దాని పరీక్షకి పెట్టుకున్న సీను చిన్నది. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గది. ఎడమ గోడ ఎరుపు, మిగతావి తెలుపు. మధ్యలో నిలబడ్డ ఒక మనిషి, పక్కన కుర్చీ, మూలన కుండీలో ఆకులు గుబురుగా ఉన్న మొక్క. పైకప్పు నుంచి ఒకే ఒక స్పాట్ లైట్ ఎర్ర గోడ మీద పడుతోంది. తెర 1920×1080, రెండరర్ డిఫర్డ్, అంటే ముందు ఆకారాల వివరాలు దాచుకుని ఆ తర్వాత వెలుతురు లెక్కించే రకం.

కావలసింది మొదటి బౌన్స్. ఎర్ర గోడకి తగిలి తిరిగొచ్చిన వెలుతురు ఎదుటి తెల్ల గోడ మీద, మనిషి చొక్కా మీద లేత ఎరుపుగా కనబడాలి. దీపం కదిలితే ఆ ఎరుపూ వెంటనే కదలాలి, అంటే లైట్‌మ్యాప్ బేక్ చేసుకుని (వెలుతురు ముందే లెక్కించి దాచుకుని) కూర్చునే వీలు లేదు.

పునాదిగా తీసుకున్నది తెలిసిన పద్ధతే. 2005లో డాక్స్‌బాకర్, స్టామింగర్ చెప్పిన రిఫ్లెక్టివ్ షాడో మ్యాప్‌ని దీపం వైపు నుంచి గీస్తాం. మామూలు షాడో మ్యాప్‌లో ఉండే డెప్త్‌తో (దూరంతో) పాటు నార్మల్ (తలం ఏ దిక్కుకి తిరిగి ఉందో), ఆ చోటి నుంచి తిరిగి వెళ్లే వెలుతురు కూడా అందులో ఉంటాయి. సైజు 512×512. దాన్ని 16×16 గడులుగా విడగొట్టి, గడికో వర్చువల్ పాయింట్ లైట్ చొప్పున 256 చిన్న దీపాలు తీస్తాం. ఈ చిన్న దీపాల ఆలోచన ఇంకా పాతది, 1997లో కెల్లర్ చెప్పింది. ఒక్కో గడిలో 32×32 టెక్సెల్స్ (మ్యాప్ పిక్సెల్స్) ఉంటాయి. వెలుతురు విలువకి వాటన్నిటి సగటు తీసుకోవాలి. ఏదో ఒక్క టెక్సెల్ తీసుకుంటే, గోడ మీద డిజైన్ ఉన్నప్పుడు దీపం కాస్త కదిలినా గదంతా మిణుకుమిణుకుమంటుంది.

ఒక్కో చిన్న దీపానికి స్థానం, నార్మల్, వెలుతురు కలిపి 32 బైట్లు. మొత్తం 256కీ 8 కిలోబైట్లే, కంప్యూట్ షేడర్ (జీపీయూ మీద నడిచే లెక్కల ప్రోగ్రాం) గ్రూప్ మెమరీలో హాయిగా పడుతుంది. చిక్కంతా వాటిని వాడే చోట. తెరమీద 20,73,600 పిక్సెల్స్. ఒక్కోదానికి 256 దీపాల లెక్క అంటే ఫ్రేముకి 53 కోట్ల లెక్కలు. ఇంతా చేస్తే వచ్చే బొమ్మ ఏమిటి? తెల్ల గోడ మీద మెల్లగా పలచబడే గులాబీ ఛాయ. పక్కపక్క పిక్సెల్స్‌లో తేడా కంటికి ఆనదు.

ఎక్కడ వెలుతురు నెమ్మదిగా మారుతుందో అక్కడ పెద్ద గడికి ఒక్కసారే లెక్కగట్టి, ఎక్కడ ఆకారం తెగుతుందో అక్కడ మాత్రమే చిన్న గడులకి దిగడం మల్టీ-రెజల్యూషన్ పద్ధతి. ఇండైరెక్ట్ వెలుతురుకి దీన్ని 2009లో నికల్స్, వైమన్ స్ప్లాటింగ్ (గడుల్ని తెర మీద చతురస్రాలుగా గీసి వెలుతురు కూడడం) రూపంలో చూపించారు. ఇక్కడ స్ప్లాట్ల బదులు కంప్యూట్ షేడర్ వాడాం, కానీ ఎముకల గూడు అదే.

ఖర్చు ఎక్కడ పేరుకుంటుంది

నాలుగు మెట్లు పెట్టుకున్నాం: 16×16 పిక్సెల్స్ గడి, 8×8, 4×4, 2×2. పూర్తి రెజల్యూషన్ దాకా దిగం.

ఇక్కడే మొదటి మడత పేచీ. 1080ని 16తో భాగిస్తే 67.5. హార్డ్‌వేర్ మిప్ (బొమ్మని సగం సగం చేస్తూ పోయే చిన్న నకళ్లు) సైజులు కిందికి కుదించుకుంటాయి: 540, 270, 135, ఆ తర్వాత 67. 135 వరుసల్ని రెండేసి చొప్పున కలుపుతూ పోతే చివరి వరుస ఎవరికీ చెందకుండా పోతుంది. తెర అడుగున సన్నటి పట్టీ ఒకటి తప్పుడు రంగులో కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. అన్ని బఫర్లనీ 1920×1088 లెక్కన కేటాయిస్తే గొడవ ఉండదు. మెట్ల సైజులు 120×68, 240×136, 480×272, 960×544 అవుతాయి. అదనపు 8 వరుసల్లో చివరి నిజమైన వరుసనే నకలు చేసి నింపాలి. సున్నాలు వదిలేస్తే అక్కడ ఆకారం తెగిందనుకుని తెర అడుగంతా చిన్న గడులైపోతుంది.

ఇప్పుడు కాగితం మీద ఒక అంచనా. 16×16 గడులు మొత్తం 8,160. వాటిలో సగం గడుల గుండా ఏదో ఒక అంచు పోతుందనుకుందాం. అంచు అనేది గీత. కాబట్టి గడిని నాలుగు ముక్కలు చేస్తే సుమారు రెండు ముక్కల్లోనే గీత మిగులుతుంది. ఆ లెక్కన 16×16 దగ్గర 4,080 గడులు ఆగిపోతాయి, 8×8 దగ్గర 8,160, 4×4 దగ్గర 16,320, చివరి 2×2 మెట్టులో 65,280. మొత్తం 93,840. దీన్ని 256తో గుణిస్తే 2.4 కోట్లు. 53 కోట్లు ఎక్కడ, ఇదెక్కడ!

కానీ అసలు పోల్చాల్సింది 53 కోట్లతో కాదు. ఏ తెలివీ లేకుండా తెర మొత్తాన్నీ 4×4 గడుల్లో లెక్కిస్తే 1,30,560 గడులు, అంటే 3.3 కోట్లు. పొదుపు అంటే చాలు అనుకునేవాళ్లకి అదే నయం, రెండు గంటల్లో రాసేయొచ్చు. మల్టీ-రెజల్యూషన్ ఇచ్చే లాభం వేరే: దానికన్నా తక్కువ ఖర్చుకే అంచుల దగ్గర 2×2 నాణ్యత వస్తుంది. అంచులు సరిగ్గా పట్టుకోలేకపోతే ఈ పద్ధతి వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఇంకో సంగతి కూడా ఆ అంకెల్లోనే ఉంది: మొత్తం పనిలో దాదాపు 70 శాతం ఆఖరి మెట్టుదే. ఇంకో మెట్టు దిగి పూర్తి రెజల్యూషన్‌కి పోతే ఖర్చు రెండింతలు దాటుతుంది. అందుకే 2×2 దగ్గర ఆపి, మిగతాది చిన్న బొమ్మని పెద్దది చేసే అప్‌శాంప్లింగ్‌కి వదిలాం.

అంచుని పట్టుకోవడం

గడిలో డెప్త్ కనిష్ఠం, గరిష్ఠం తీసుకుని, తేడా ఎక్కువుంటే విడగొట్టు అని రాయడం అందరూ మొదట చేసే పని. గోడల మీద బాగానే నడుస్తుంది. నేల దగ్గర దొరికిపోతుంది. కెమెరాకి ఏటవాలుగా ఉన్న నేల మీద, గడి పై అంచుకీ కింది అంచుకీ దూరంలో తేడా చాలా ఉంటుంది, నేల చదునుగానే ఉన్నా సరే. దాంతో కెమెరాకి దూరంగా పోయేకొద్దీ నేలంతా 2×2 గడులుగా పగిలిపోతుంది. ఖర్చు తడిసి మోపెడవుతుంది.

దీనికి చక్కటి విరుగుడు పర్‌స్పెక్టివ్ గణితంలోనే ఉంది. చదునైన తలం మీద దూరం తెర వెంట సరళరేఖలా మారదు, కానీ దూరానికి విలోమం, అంటే 1/దూరం, కచ్చితంగా సరళరేఖలా మారుతుంది. కాబట్టి ఒక పిక్సెల్‌కి ఎడమ, కుడి పిక్సెల్స్ 1/దూరం విలువలు కూడి, మధ్యదాని రెట్టింపు తీసేస్తే చదునైన తలం ఎంత ఏటవాలుగా ఉన్నా సున్నా వస్తుంది. ఏదైనా తెగినా, మడత పడినా మాత్రమే విలువ లేస్తుంది. నిలువుగానూ ఇలాగే చేసి రెంటిలో పెద్దది ఉంచుకోవాలి. వచ్చిన దాన్ని ఆ పిక్సెల్ దూరంతో గుణిస్తే, తేడా దూరంలో ఎంత శాతమో సుమారుగా తెలుస్తుంది. 2 శాతం, అంటే 0.02, మంచి ఆరంభ హద్దు. దూరంతో గుణించడం మరిచిపోతే దగ్గరి వస్తువుల మీద గడులు అతిగా పగులుతాయి, దూరపు వాటి అంచులు అసలు దొరకవు.

ఈ విలువని పూర్తి రెజల్యూషన్‌లో ఒక్కసారి లెక్కించి, పై మెట్లకి గరిష్ఠం తీసుకుంటూ పోవాలి. మిప్ జనరేషన్‌కి వదిలేస్తే అది సగటు తీస్తుంది. 256 పిక్సెల్స్ గడిలో సన్నటి కుర్చీ కాలు ఇట్టే కరిగిపోతుంది.

ఇది ఒక్కటే చాలదు. స్తంభం లాంటి నెమ్మదిగా వంగే తలం మీద పిక్సెల్‌కి పిక్సెల్‌కి తేడా హద్దు దాటదు, కానీ 16 పిక్సెల్స్ పొడవునా చూస్తే నార్మల్ బాగా తిరిగిపోతుంది. అందుకు నార్మల్ ఎక్స్, వై, జడ్ మూడింటికీ విడివిడిగా కనిష్ఠ గరిష్ఠాలు మోయాలి. ఏ ఒక్కదానిలో తేడా 0.2 దాటినా విడగొట్టాలి. 0.2 అంటే సుమారు 11 డిగ్రీల తిరుగుడు. అలాగే నార్మల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకున్నా కుదరదు: గోడకి సమాంతరంగా ఉన్న కుర్చీ వీపుకీ వెనక గోడకీ నార్మల్ ఒకటే. రెండూ ఉండాల్సిందే.

పరీక్షకి వాడే నార్మల్ ఏదన్నది ఇంకా ముఖ్యం. జీ-బఫర్‌లో (పిక్సెల్‌వారీగా ఆకారం వివరాలు దాచే బఫర్లో) సాధారణంగా ఉండేది నార్మల్ మ్యాప్ (తలం మీది చిన్న గరుకుల్ని చూపే టెక్స్చర్) కలిపేసిన నార్మల్. దాంతో పరీక్షిస్తే ఇటుక గోడలో ప్రతి సందూ ఒక అంచే. మెష్ నార్మల్‌ని విడిగా, 8 బిట్ల చొప్పున రెండు చానల్స్‌లో ఆక్టాహెడ్రల్ రూపంలో దాచుకుంటే పిక్సెల్‌కి 2 బైట్లతో పోతుంది. డెప్త్ నుంచి నార్మల్ తిరిగి తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు, కానీ అది సరిగ్గా అంచుల దగ్గరే తప్పు చెబుతుంది, మనకి కావలసిందేమో అంచులే.

మొక్క సంగతి వేరు. ఆకులన్నీ అంచులే కాబట్టి ఆ ప్రాంతమంతా 2×2కి దిగుతుంది, దిగినా ఆకుల మీద బౌన్స్ వెలుతురులో ఆ తేడాని ఎవరూ గుర్తుపట్టరు. మెటీరియల్‌లో ఒక బిట్ పెట్టి, ఆకులకి 4×4 దగ్గరే ఆపాం. గదిలో ఒక కుండీ కాబట్టి సరిపోయింది. అడవి సీన్లు ఉండే ఆటకి ఈ పద్ధతి జోలికే పోవద్దు. తెర మొత్తానికీ 4×4 లెక్కించి, అంచులు దాటకుండా పెద్దది చేసే బైలేటరల్ అప్‌శాంప్లింగ్ చేసుకోవడం మేలు.

చివరగా, పక్కపక్క గడుల మధ్య ఒక మెట్టు కన్నా తేడా ఉండకూడదని నియమం పెట్టాలి. ఎర్ర గోడ నేలని కలిసే మూల దగ్గర ఇది లేకపోతే ఏమవుతుందో బాగా కనిపిస్తుంది: మూల గీత వెంట 2×2 గడులు, దాని పక్కనే ఒక్కసారిగా 16×16. మూల దగ్గర వెలుతురు చాలా వేగంగా మారుతుంది కాబట్టి అక్కడ మెట్లు మెట్లుగా గళ్లు తేలతాయి. 60 డిగ్రీల నిలువు దృష్టికోణంలో 4 మీటర్ల దూరాన ఒక పిక్సెల్ సుమారు 4.3 మిల్లీమీటర్లు, 16×16 గడి వెడల్పు 7 సెంటీమీటర్లు. చిన్న దీపం 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 7 సెంటీమీటర్ల గడికి ఒకే విలువ ఇవ్వడం కుదరదు.

దీనికి సగం మందు గడుల్లో, సగం దీపాల్లో ఉంది. దూరపు వర్గంతో భాగించే చోట దూరానికి కింది హద్దు పెట్టాలి. స్పాట్ లైట్ గోడ మీద 2 మీటర్ల వెడల్పున పడుతుంటే షాడో మ్యాప్ గడులు వరసకి 16 కాబట్టి దీపాల మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు. హద్దు దానికి రెట్టింపు, 25 సెంటీమీటర్లు పెట్టాం. అంతకు బాగా తగ్గిస్తే గోడ పక్కన నేల మీద చుక్కల ముగ్గు వేసినట్టు ఒక్కో దీపం విడిగా కనిపిస్తుంది. హద్దు పెట్టినందువల్ల మూలల్లో కాస్త వెలుతురు పోతుంది. పోనీయండి.

లెక్క కట్టే పాస్

ఆగిపోయిన గడులన్నిటినీ ఒకే జాబితాలోకి ఎక్కిస్తాం. ఎక్స్‌కి 10 బిట్లు, వైకి 10, మెట్టుకి 2. ఒక 32 బిట్ల పూర్ణాంకంలో ఇమిడిపోతుంది. అన్నీ 2×2కి దిగినా 5,22,240 ఎంట్రీలే, 2 మెగాబైట్లు. కాబట్టి గరిష్ఠానికే కేటాయించాలి, జాబితా నిండిపోతే ఏం చేయాలన్న ప్రశ్నే రాకూడదు. మెట్టుకో డిస్పాచ్ పెట్టడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ, 16×16 మెట్టులో 4,080 గడులంటే 64 త్రెడ్ల గ్రూపులు 64 మాత్రమే, పెద్ద జీపీయూలో చాలా భాగం ఖాళీగా కూర్చుంటుంది. అన్నీ కలిపి ఒక్క ఇండైరెక్ట్ డిస్పాచ్ (గ్రూపుల సంఖ్యని జీపీయూ బఫర్‌ నుంచే తీసుకునేది) చేస్తే మన అంచనా ప్రకారం 1,467 గ్రూపులు. జాబితాలోకి ఎక్కించేటప్పుడు కూడా త్రెడ్‌కో అటామిక్ (త్రెడ్లు ఒకదాన్నొకటి చెరపకుండా చేసే కూడిక) కాకుండా వేవ్‌కి (కలిసి నడిచే త్రెడ్ల గుంపుకి) ఒకటే వాడాలి.

గడి తరఫున ఏ పిక్సెల్‌ని తీసుకోవాలి? గడిలోని డెప్త్‌ల సగటు మాత్రం వద్దు. మనిషి చెయ్యి 2 మీటర్ల దూరంలో, గోడ 5 మీటర్ల దూరంలో ఉంటే సగటు 3.5 మీటర్లు. అక్కడ ఏ వస్తువూ లేదు, గాలికి లెక్కగట్టిన వెలుతురు అటు చేతికీ పనికిరాదు, ఇటు గోడకీ పనికిరాదు. ఎప్పుడూ ఒక నిజమైన పిక్సెల్‌నే తీసుకుని, స్థానం కూడా ఆ పిక్సెల్ నిరూపకాలతోనే లెక్కించాలి. డెప్త్ ఒక పిక్సెల్‌ది, నిరూపకాలు గడి మధ్యవి అయితే బిందువు తలం మీద నుంచి పక్కకి జారుతుంది. పెద్ద గడుల్లో ఆకారం ఒకేలా ఉంటుంది కాబట్టి మధ్యకి దగ్గరున్న ఏ పిక్సెల్ అయినా సరే. 2×2లో మాత్రం అంచు ఇంకా మిగిలే ఉండొచ్చు. అక్కడ చదరంగం గళ్ల వరసలో ఒక గడికి దగ్గరి పిక్సెల్, పక్క గడికి దూరపు పిక్సెల్ తీసుకుంటే, ఏ నాలుగు పక్కపక్క గడులు చూసినా రెండు ముందు వస్తువువి, రెండు వెనక వస్తువువి దొరికే అవకాశం ఉంటుంది. దీని అవసరం అప్‌శాంప్లింగ్‌లో తెలుస్తుంది.

బఫర్‌లోకి వెళ్లేది వెలుతురు మాత్రమే. ఆల్బెడోతో (వస్తువు సొంత రంగుతో) ఇక్కడే గుణించేస్తే చొక్కా మీది గళ్లు కూడా 16×16 గడుల్లో అలుక్కుపోతాయి. రంగుతో గుణకారం పూర్తి రెజల్యూషన్‌లో, చివర్న. నార్మల్ మ్యాప్‌కీ చివర్నే చోటివ్వాలంటే ఒక రంగు విలువ చాలదు, దిక్కు కూడా కావాలి. ప్రకాశానికి నాలుగు స్ఫెరికల్ హార్మోనిక్స్ (ఏ దిక్కు నుంచి ఎంత వెలుతురో కొన్ని అంకెల్లో చెప్పే పద్ధతి) గుణకాలు, రంగుకి రెండు విలువలు, మొత్తం ఆరు 16 బిట్ల ఫ్లోట్లు: గడికి 12 బైట్లు. ఉత్త రంగు 4 బైట్లతో పోతుంది. ఇటుక గోడ బౌన్స్ వెలుతురులో చప్పగా కనిపించడం మీ ఆర్టిస్టులకి అభ్యంతరం కాకపోతే 4 బైట్లే చాలు.

స్పెక్యులర్‌నీ (అద్దంలాంటి మెరుపునీ), నేరుగా పడే వెలుతురునీ ఇందులోకి లాగొద్దు. నేరు వెలుతురుకి పదునైన నీడలుంటాయి. నీడ అంచు జీ-బఫర్‌లో ఎక్కడా ఉండదు, మన పరీక్షలకి అది కనపడదు. చదునైన నేల మీద పడిన నీడ 16×16 మెట్లుగా విరుగుతుంది.

తిరిగి పెద్దది చేయడం

16×16 మెట్టు నుంచి 8×8కి, అక్కడి నుంచి 4×4కి, ఇలా మెట్టు మెట్టుగా దిగుతాం. ప్రతి మెట్టులో, ఆ మెట్టులోనే లెక్కించిన గడికి దాని విలువే ఉంచి, లెక్కించని వాటికి పై మెట్టులోని నాలుగు గడుల నుంచి ఇంటర్‌పొలేట్ చేస్తాం. పై మెట్టులో విడిపోయిన గడుల చోట ఖాళీలు ఉంటాయి. వాటిని సున్నాగా లెక్కేస్తే ప్రతి అంచు చుట్టూ నల్లటి మసి పూసినట్టవుతుంది. ఒక చెల్లుబాటు గుర్తు పెట్టి, ఖాళీల్ని బరువుల్లోంచి తీసేయాలి. అన్నీ ఖాళీలైతే? అలా జరగదు. ఈ మెట్టులో లెక్కించలేదంటే, మాతృ గడి ఏదో ఒక పై మెట్టులో లెక్కతేలి ఉన్నట్టే. నాలుగింటిలో 9/16 బరువు దానిదే.

చివరి అంగ, 2×2 నుంచి పూర్తి రెజల్యూషన్‌కి, మాత్రం ప్రమాదకరం. 2007లో కోఫ్ బృందం చెప్పిన జాయింట్ బైలేటరల్ అప్‌శాంప్లింగ్ ఇక్కడ వాడేది. ఒక పిక్సెల్‌ని దగ్గరగా చూద్దాం. అది చేతి అంచు మీది పిక్సెల్, దూరం 2 మీటర్లు. చుట్టూ నాలుగు గడుల్లో మూడు గోడవి, 5 మీటర్లు, వెలుతురు 0.8. ఒకటే చేతిది, వెలుతురు 0.1, పైగా దాని బైలీనియర్ బరువు (తెర మీద దగ్గరితనాన్ని బట్టి వచ్చేది) అతి తక్కువ, 1/16. ఉత్త బైలీనియర్ అయితే చేతికి 0.756 వస్తుంది: చెయ్యి చుట్టూ వెలిగే గీత. డెప్త్ బరువుగా 1/(0.01 + దూరంలో తేడా నిష్పత్తి) వాడితే గోడ గడులకి 0.66, చేతి గడికి 100. మొత్తం కలిపితే 0.163. చాలా మెరుగు, కానీ 0.1 కాదు, ముదురు వస్తువు మీద ఆ మిగులు ఇంకా కనిపిస్తుంది. ఘాతాంక బరువు పెడితే, 5 శాతం వెడల్పుతో, గోడ బరువు దాదాపు సున్నా అయి 0.1 కచ్చితంగా వస్తుంది.

అయితే ఘాతాంక బరువుకి ఇంకో రోగం ఉంది. ఒక్క పిక్సెల్ మందం ఉన్న తీగ లాంటి దానికి చుట్టూ నాలుగు గడుల్లో ఒక్కటీ తనది కాకపోతే నాలుగు బరువులూ సున్నా అవుతాయి. 16 బిట్ల ఫ్లోట్‌లో అయితే మరీ తొందరగా. సున్నాని సున్నాతో భాగిస్తే నాన్ (NaN, అంకె కాని విలువ). ఒక్క నాన్ పిక్సెల్ టీఏఏ (పాత ఫ్రేముల్ని కలిపి అంచుల్ని నునుపు చేసే పద్ధతి) చరిత్రలోకి ఎక్కిందంటే పోదు. బ్లూమ్ (వెలిగే చోట్ల చుట్టూ కాంతి పరిచే ఎఫెక్ట్) బ్లర్ దాన్ని ఫ్రేము ఫ్రేముకీ పెంచి, తెర మీద నల్ల చతురస్రాలు పరుస్తుంది. వాటిని చూసి అందరూ బ్లూమ్ కోడ్‌లో వెతుకుతారు. బరువుల మొత్తం 0.001 కన్నా తక్కువైతే ఇంటర్‌పొలేషన్ మానేసి, నాలుగింటిలో డెప్త్ దగ్గరగా ఉన్న గడి విలువని యథాతథంగా తీసుకోవాలి. చదరంగం గళ్ల ఎంపిక ఉంటే ఆ అవసరం అరుదుగా వస్తుంది.

తప్పు ఎక్కడో కనిపెట్టడానికి

మెట్టుకో రంగు వేసి చూపే డీబగ్ దృశ్యం మొదటి రోజే రాసుకోవాలి: 16×16 నీలం, 8×8 ఆకుపచ్చ, 4×4 పసుపు, 2×2 ఎరుపు. బాగున్న ఫ్రేములో వస్తువుల రూపురేఖలు ఎర్ర గీతల్లా, గోడల మధ్య పెద్ద నీలం గడులు కనిపిస్తాయి. దూరం పోయేకొద్దీ నేల ఎర్రబడితే డెప్త్ పరీక్షలో దూరం సూటిగా వాడేస్తున్నారు. గోడ అంతా ఎరుపు చుక్కలైతే నార్మల్ మ్యాప్ దూరింది. తెర అడుగు వరుస మొత్తం ఎర్రగా ఉంటే 1088 గొడవ.

కెమెరా నెమ్మదిగా కదుపుతుంటే గోడ మీద గడులు టపటపమని మారడం కనిపించొచ్చు. విడగొట్టడానికి 0.02, తిరిగి కలపడానికి 0.015 అని రెండు హద్దులు పెట్టి, పోయిన ఫ్రేము మెట్టుని రీప్రొజెక్ట్ చేసి (కెమెరా కదలికని లెక్కలోకి తీసుకుని ఇప్పటి చోటికి తెచ్చి) చూసుకుంటే గడులు కుదురుకుంటాయి. అయినా మా అభిప్రాయం ఏమిటంటే, డీబగ్ రంగుల్లో గడులు మారడం సహజం. అసలు బొమ్మలో ఆ మార్పు కంటికి తెలుస్తోందంటే హద్దు మరీ వదులుగా ఉంది, లేదా గడి తరఫున తీసుకున్న పిక్సెల్ తప్పు. ముందు ఆ రెండూ సరిచూసి, ఆ తర్వాతే రీప్రొజెక్షన్ జోలికి వెళ్లాలి.

గాజు, పొగ లాంటి పారదర్శక వస్తువులు జీ-బఫర్‌లో ఉండవు కాబట్టి ఈ బఫర్ వాటికి పనికిరాదు. వెనక గోడ వెలుతురు తెచ్చి ముందున్న పొగకి పూస్తుంది. వాటికి 256 దీపాల్ని 16కి కుదించి వర్టెక్స్ దగ్గరే లెక్కగట్టడం చౌక. ఫోన్ల సంగతి కూడా ఒక మాట: టైల్ ఆధారిత జీపీయూల్లో జీ-బఫర్‌ని టైల్ మెమరీలోనే ఉంచేసుకోవడం పెద్ద పొదుపు. కానీ ఇక్కడ వర్గీకరణ (ఏ గడి ఏ మెట్టుదో తేల్చడం) కోసం డెప్త్‌నీ, మెష్ నార్మల్‌నీ బయటి మెమరీలోకి రాయక తప్పదు. డెప్త్ 4 బైట్లు, నార్మల్ 2 బైట్లు చొప్పున 1080పీలో ఫ్రేముకి 12.4 మెగాబైట్లు రాయడం, మళ్లీ అంతా చదవడం. సెకనుకి 60 ఫ్రేములంటే రానూ పోనూ కలిపి దాదాపు 1.5 గిగాబైట్లు. 720పీకి దిగితే అందులో సగం కన్నా తక్కువ.